మా క్యాంపస్ ఆప్ ఏడాది వాడాక: నీళ్ల దగ్గర బంగారం, రీడింగ్ రూంలో నరకం

పోయినేడు ఏప్రిల్‌లో ఒక రాత్రి పదకొండున్నరకి మా హాస్టల్ మేడ మీద నుంచి నీళ్లు ధారగా వేపచెట్టు మీద పడుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ట్యాంకు నిండి పొర్లిపోతోంది, మోటార్ ఆపే దిక్కు లేదు, ముక్కాలు గంట అలాగే పోయింది. తెల్లారి ఆరింటికి పక్క బ్లాక్ పిల్లలు బకెట్లు పట్టుకొని మా బ్లాక్‌కి వచ్చారు, వాళ్ల ట్యాంకులో చుక్క నీళ్లు లేవట. కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్ల మీద బతికే తిరుపతిలో, అదీ నడి ఎండాకాలంలో, అది చూసి కడుపు తరుక్కుపోయింది. అందుకే మా యూనివర్సిటీ వాళ్లు స్మార్ట్ క్యాంపస్ అని నీళ్లకీ కరెంటుకీ మెస్‌కీ కలిపి ఒక ఆప్ తెచ్చినప్పుడు, హాస్టల్ మెస్ కమిటీలో ఉన్న రీసెర్చ్ స్కాలర్‌గా మొదటి రోజు నుంచీ దాన్ని దగ్గరుండి చూస్తున్నా.

యూనివర్సిటీ పేరు, కంపెనీ పేరు చెప్పను. 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన మహిళా విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన ఐఐటీ, సైన్సు చదువులకి పెట్టిన ఐసర్, ఇవి కాక ఇంకా ఎన్నో కాలేజీలు, మన తిరుపతి చుట్టుపక్కల క్యాంపస్‌లకు కొదవ లేదు. ఇలాంటిది పెట్టించాలని చూస్తున్నవాళ్లు ఎవరైనా చదువుతారని రాస్తున్నా.

ముందు నీళ్ల సంగతి. ట్యాంకు మూతకి లోపలి వైపు అరచేతిలో పట్టేంత సెన్సర్ బిగించారు. అది మన చెవికి వినపడని శబ్దాన్ని కిందికి వదిలి, నీళ్లకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మట్టం లెక్కేస్తుంది. ఆ లెక్క లోరా అనే రేడియో మీద ఆఫీసుకు చేరుతుంది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య దీన్ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, బ్యాటరీ చాలా తక్కువ తింటుంది, ట్యాంకు ట్యాంకుకీ సిమ్ కార్డు వేయక్కర్లేదు. చెట్లూ బిల్డింగులూ అడ్డమున్న మాలాంటి పెద్ద క్యాంపస్‌కి ఇది సరైన ఎంపికే.

అయినా మొదటి రెండు నెలలు నీళ్లు పొర్లుతూనే ఉన్నాయి. అలర్ట్ ఇంగ్లీషులో, ఆప్‌లో, ఇంజనీరు సార్ ఫోనుకి వెళ్లేది. మోటార్ దగ్గరుండేది పంపు ఆపరేటర్ అన్న. ఆయన దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఏ వాల్వు ఎటు తిప్పితే ఏ బ్లాక్‌కి నీళ్లెళ్తాయో కళ్లు మూసుకొని చెప్పగల మనిషి. ఒకరోజు నేను ఆప్ తెరిచి ఆయనకి చూపిస్తే, కాసేపు చూసి, "సార్‌కి మెసేజ్ వస్తాది, సార్ నాకు ఫోన్ చేసేలోపు ట్యాంకు పొర్లిపోతాది కదా నాయనా, ఆ చెప్పేదేదో నాకే చెప్పమను" అన్నాడు. అంతే విషయం. దాన్ని కంపెనీ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పడానికి మూడు మెయిళ్లు, ఒక మీటింగు పట్టాయి. ఇప్పుడు ట్యాంకు తొంభై శాతం నిండగానే ఆయన ఫోన్ మోగుతుంది, ఎత్తితే "మూడో బ్లాక్ ట్యాంకు నిండుతోంది, మోటార్ ఆపండి" అని తెలుగులో వినిపిస్తుంది. ఎత్తకపోతే రెండు నిమిషాలకి మళ్లీ మోగుతుంది, అప్పటికీ ఎత్తకపోతే వాచ్‌మన్‌కి వెళ్తుంది. ఆ మార్పు చేసినప్పటి నుంచి మా బ్లాక్‌లో నీళ్లు పొర్లిన చప్పుడు నేను వినలేదు.

ఒక లోపం మాత్రం ముందే తెలుసుకోండి. చలికాలం పొద్దున మూత లోపల ఆవిరి పట్టి, సెన్సర్ ముఖం మీద నీటి చుక్కలు చేరతాయి. శబ్దం ఆ చుక్కల దగ్గరే తిరిగొచ్చేస్తే సగం ఖాళీగా ఉన్న ట్యాంకు కూడా నిండుగా కనిపిస్తుంది. డిసెంబర్‌లో రెండు రోజులు మాకు ఇలాగే మోటార్ వేయలేదు, తలస్నానానికి నీళ్లు లేక అవస్థ పడ్డాం. ఇప్పుడు ఆ అన్నే వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు, నీళ్ల మీద తేలుతూ మట్టాన్ని బట్టి మోటార్ ఆపే పాత ఫ్లోట్ స్విచ్ కూడా తీసేయకుండా తోడుగా ఉంచారు. కొత్తది వచ్చింది కదా అని పాతది పీకేయకండి.

కరెంటు మీటర్లు బాగున్నాయి. ఏ బిల్డింగులో ఏ గంటకి ఎంత కాలుతోందో గ్రాఫ్‌లో కనిపిస్తుంది. ఆదివారం అర్ధరాత్రి తాళం వేసున్న ల్యాబ్ బ్లాక్‌లో గీత కిందికి దిగకపోవడం చూసి, సోమవారం వెళ్లి వెతికితే ఎవరూ లేని సెమినార్ హాల్లో రెండు ఏసీలు శుక్రవారం నుంచీ తిరుగుతూనే ఉన్నాయి. ఇంకో పెద్ద ఉపయోగం, చాలామందికి తెలియనిది. యూనివర్సిటీల్లాంటి పెద్ద వాడకందార్లకిచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకి బిల్లు కాల్చిన యూనిట్లకే కాదు, ఒకేసారి ఎంత లోడ్ లాగామన్న దానికీ పడుతుంది, ఆ లోడ్‌ని కేవీఏ అనే కొలతలో లెక్కేస్తారు. పొద్దున తొమ్మిదిన్నరకి అన్ని మోటార్లూ, ల్యాబ్ ఏసీలూ, మెస్ గ్రైండర్లూ ఒక్కసారే నడిస్తే నెలంతా పొదుపు చేసినా ఆ అరగంట బిల్లుని పైకి లాగేస్తుంది. గ్రాఫ్ చూశాకే మోటార్లు తెల్లవారుజాముకి మార్చారు, నాకు తెలిసి పైసా ఖర్చు లేకుండా జరిగిన మేలు ఇదే.

ఫ్యాన్ల విషయంలో ఆప్ చేయగలిగింది ఏమీ లేదు, ఫ్యానే మార్చాలి. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ మోటార్ ఫ్యాను అయితే 30 దరిదాపుల్లో. మన ఊరి ఎండలకి హాస్టల్ ఫ్యాను రోజుకి కనీసం పన్నెండు గంటలు తిరుగుతుంది, అంటే ఒక్కో ఫ్యానుకి రోజుకి అర యూనిట్ మిగులు. వంద గదులకి యాభై యూనిట్లు. ఒక కిలోవాట్ సోలార్ రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది కాబట్టి, అది పన్నెండు కిలోవాట్ల సోలార్ పెట్టినదానితో సమానం. ఈ గ్రాఫులు చూపించే డాష్‌బోర్డు మీద పెట్టే డబ్బులో కొంత ఇటు పెట్టమని మా కమిటీ లెటర్ ఇచ్చింది.

ఇక రీడింగ్ రూం. కరెంటు ఆదా అని కదలికని పసిగట్టే లైట్లు పెట్టారు. కారిడార్లో, బాత్రూముల్లో అవి బాగా పనిచేస్తాయి. కానీ చదివేవాడు కదలడు కదా! ఆ సెన్సర్ మనిషి ఒంటి వేడి అటూ ఇటూ కదిలితేనే గుర్తుపడుతుంది, కదలకపోతే గదిలో ఎవరూ లేరనుకొని పది నిమిషాలకి లైటు ఆర్పేస్తుంది. లెక్చరర్ అర్హత కోసం రాసే నెట్ పరీక్షకి చదువుకుంటున్న జూనియర్ అమ్మాయి పుస్తకం మీద నుంచి తలెత్తి, చెయ్యి గాల్లో ఊపి, మళ్లీ లైన్ వెతుక్కోవడం నేను ఒక సాయంత్రంలో లెక్కలేనన్నిసార్లు చూశా. చాలా బాధేసింది. ఆ టైమర్ని అరగంటకి పెంచమని నాలుగు నెలలుగా అడుగుతున్నాం. దానికి కొత్త సామాను అక్కర్లేదు, నిచ్చెన వేసి స్క్రూడ్రైవర్‌తో తిప్పే పని.

మెస్ బుకింగ్ మంచి ఆలోచన. రాత్రి భోజనం కావాలో వద్దో సాయంత్రం నాలుగులోపు నొక్కాలి, ఆ లెక్క చూసి బియ్యం వేస్తారు. సంగటి, శెనక్కాయల ఊరిబిండి ఉన్న రోజు జనం ఎక్కువ, సెలవు ముందు రోజు తక్కువ, ఈ తేడాలు వంట మాస్టర్‌కి ముందే తెలుస్తున్నాయి. "అన్నం డ్రమ్ములో పోస్తుంటే ప్రాణం ఉసూరుమనేది, ఇప్పుడు ఆ డ్రమ్ము సగానికి కూడా రావట్లేదు" అని ఆయనే చెప్పాడు. కాకపోతే నాలుగుకి పది నిమిషాల ముందు సర్వర్ మొరాయించిన రోజులున్నాయి, నెల చివర డేటా అయిపోయిన పిల్లలుంటారు. వాళ్లకి అన్నం లేదనకూడదని కౌంటర్లో ఒక నోటుబుక్కు కూడా పెట్టించాం. నోటుబుక్కు ఉండాల్సిందే, ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

ఒక్క విషయం మాత్రం అస్సలు నచ్చలేదు. అన్నం బుక్ చేసుకోవడానికి ఆప్ నా లొకేషన్ ఎప్పుడూ చూస్తానంటుంది, కాంటాక్టులు కూడా అడుగుతుంది. ఎందుకు? 2023లో మన దేశంలో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనే ఉంది, పనికి అవసరమైనంత సమాచారానికే అనుమతి తీసుకోవాలని. రెండూ ఆఫ్ చేసి చూశా, బుకింగ్ మామూలుగానే జరుగుతోంది. మీరూ ఆఫ్ చేసేయండి.

కొనేవాళ్లు సంతకం పెట్టేముందు రెండు అడగండి. కాంట్రాక్టు అయిపోతే మన డేటా మొత్తం మన చేతికి ఇస్తారా, మోటార్ దగ్గరుండే మనిషికి తెలుగులో ఫోన్ వస్తుందా. మాకు మొదటిదానికి ఇంకా జవాబు రాలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. సెమిస్టర్ పరీక్షలకి ఇంకా మూడు వారాలుంది, ఈలోపు రీడింగ్ రూం టైమర్ తిప్పితే నాలుగు చేస్తా, ఇక్కడే మార్చి రాస్తా.