సొంత బండితో విదేశీ మట్టిదారులు: ఓడెక్కించాలా, అక్కడే అద్దెకి తీసుకోవాలా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకు హిమాలయన్ 450 కొన్న రోజు నుంచి మా బావమరిది నోట ఒకటే మాట, కిర్గిజ్‌స్తాన్. మూడు వారాల సెలవు, మట్టిరోడ్లు, సొంత బండి. మొన్న ఆదివారం విశాఖలో యారాడ కొండ దిగుతుంటే కింద పోర్టు క్రేన్లు చూపించి, "ఏటి బావా, ఓడలు ఇంటి ముందే ఉన్నాయి కదా, ఎక్కించేస్తే పోలా?" అన్నాడు. నేను పాత పోస్టాఫీసు దగ్గర పోర్టు సరుకుకి కస్టమ్స్ పని చూసే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో పదహారేళ్లుగా కాగితాలు రాస్తున్నవాణ్ణి. "ముందు మ్యాపు తియ్యి. కిర్గిజ్‌స్తాన్‌లో సముద్రం ఎక్కడుందో చూపించు" అన్నాను.

లేదు. చుట్టూ కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్, చైనా. ఓడలో పంపితే ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌లోనో, జార్జియాలోని పోతిలోనో దించుకుని, అక్కడి నుంచి వేల కిలోమీటర్లు తొక్కాలి. మూడు వారాల సెలవు దారిలోనే అయిపోతుంది. పోనీ నేల మీద వెళ్దామంటే వాఘా దారి మనకి మూసే ఉంది. చైనాలోకి సొంత బండి పోవాలంటే అక్కడి ఏజెన్సీ, అనుమతులు, వెంట గైడు ఉండాలి. మయన్మార్ 2021 నుంచి అల్లకల్లోలంగా ఉంది. కాబట్టి మధ్య ఆసియాకి సొంత బండి అంటే మిగిలింది విమానం.

విమానమనగానే వాడి ముఖం వెలిగింది. టేపు పట్టుకురమ్మన్నాను. విమాన సరుకుకి రెండు తూకాలు చూస్తారు. ఒకటి కాటా మీద తేలేది. రెండోది పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే వచ్చేది. ఏది ఎక్కువైతే దానికే డబ్బు. బండి 196 కిలోలే. కానీ ఉన్నదున్నట్టుగా నిలబెట్టి చుట్టూ చెక్కపెట్టె కడితే 235 × 95 × 140 వచ్చింది, అంటే 521 కిలోలకి బిల్లు. ముందు చక్రం, ముందు మడ్‌గార్డు, గాలి అద్దం విప్పి, హ్యాండిల్ వంచి ట్యాంకు మీదకి కట్టేస్తే 205 × 75 × 115కి దిగింది. ఇప్పుడు 295 కిలోలు. గంటన్నర స్పానర్ పనికి 226 కిలోల బిల్లు తగ్గింది. అంత తగ్గినా ఒకవైపు ఖర్చే కదా ఇది. రావడానికి మళ్లీ అంతే.

పెట్టెకి చెక్క కూడా ఏది పడితే అది పనికిరాదు. 56 డిగ్రీల వేడి చెక్క లోపలిదాకా అరగంట తగిలేలా శుద్ధి చేసి, గోధుమ కంకి గుర్తున్న ముద్ర వేసినదై ఉండాలి. గాజువాకలో సోఫాలు చేసే వడ్రంగి దగ్గర మిగిలిన పలకలతో కట్టేస్తే అవతలి దేశంలో పెట్టె తిప్పి పంపేసినా దిక్కులేదు. పైగా పెట్రోలు బండిని విమానం వాళ్లు ప్రమాదకర సరుకు కింద రాస్తారు, తొమ్మిదో తరగతి. ట్యాంకు ఖాళీ చేయాలి, బ్యాటరీ తీగలు విప్పాలి, విడిగా డిక్లరేషన్ ఇవ్వాలి. ఇదంతా హైదరాబాదులోనో ఢిల్లీలోనో చూసుకోవాలి.

ఓడ విషయానికొద్దాం, ఎందుకంటే సముద్రమున్న దేశాలకి అదే దారి. మన పోర్టులో క్రేన్లు కనిపిస్తున్నంత మాత్రాన పని సులువని కాదు. ఒక్క బండికి 20 అడుగుల కంటైనర్ మొత్తం తీసుకోలేం, వేరేవాళ్ల సరుకుతో కలిపి పంపాలి. కలిసే సరుకు దొరకాలి, కంటైనర్ నిండాలి, కొలంబోలోనో ఇంకోచోటో ఓడ మారాలి. వారాల పని. ఇక్కడ చెప్పే రవాణా చార్జీ చాలా తక్కువగా ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. కంటైనర్ విప్పినందుకు, గోడౌన్‌లో ఉంచినందుకు, కాగితం చేతికిచ్చినందుకు అవతలి పోర్టులో వేసే బిల్లు కొన్నిసార్లు ఓడ ఖర్చుని దాటిపోతుంది. కొటేషన్ అడిగేటప్పుడు "బండి నా చేతికొచ్చేదాకా మొత్తం ఎంత?" అని రాతపూర్వకంగా అడగండి. సగంమంది మళ్లీ ఫోనెత్తరు. ఎత్తినవాళ్లతోనే మాట్లాడండి.

ఇక కార్నె. చాలా దేశాలు విదేశీ బండిని లోపలికి రానిచ్చేముందు, దాన్ని అక్కడ అమ్మేయవని హామీ అడుగుతాయి. ఆ హామీ పుస్తకమే కార్నె. మనకి ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. ప్రతి పేజీలో మూడు ముక్కలుంటాయి. దేశంలోకి వెళ్లేటప్పుడు ఒకటి చింపుకుంటారు, బయటికొచ్చేటప్పుడు ఒకటి, మూడోది రెండు ముద్రలతో మన దగ్గరే ఉంటుంది. బయటికొచ్చే ముద్ర పడకపోతే బండి అక్కడే ఉండిపోయిందని లెక్క, సుంకం మన నెత్తిన పడుతుంది. అందుకే ముందుగా బ్యాంకు గ్యారంటీ కట్టించుకుంటారు. వెళ్లే దేశాన్ని బట్టి అది బండి విలువని మించిపోవచ్చు. నా చేతి మీదుగా వెళ్లిన ఒక బండికి చాసిస్ నంబరులో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు 'ఓ' పడింది. అవతలి కస్టమ్స్ వాళ్లు తొమ్మిది రోజులు కదలనివ్వలేదు. ఆ కుర్రాడి సెలవు పధ్నాలుగు రోజులే. అప్పటి నుంచి నేను చాసిస్ నంబరు ఆర్.సి.లో చూసి రాయను, బండి మెడ దగ్గర టార్చి వేసి చూసి రాస్తాను.

అద్దె బండికి ఈ తతంగమేదీ లేదు. కిర్గిజ్‌స్తాన్‌లో బిష్కెక్‌లోనో ఓష్‌లోనో దిగుతావు, మర్నాడు పొద్దున్న మట్టిలో ఉంటావు. సోన్ కుల్ సరస్సు 3016 మీటర్ల ఎత్తున ఉంది, దాని చుట్టూ ఉన్న దారులు అక్కడి అద్దె బండ్లకి అలవాటే. క్లచ్ కేబుల్ తెగితే షాపువాడి దగ్గర ఇంకోటి ఉంటుంది. మన హిమాలయన్‌దైతే ఇక్కడి నుంచే సంచిలో పెట్టుకెళ్లాలి. పామీర్ హైవే మీద 4655 మీటర్ల అక్‌బైతల్ కనుమ ఎక్కాలనుంటే మాత్రం బండిని తజికిస్తాన్‌లోకి తీసుకెళ్లేందుకు యజమాని నుంచి అధికార పత్రం తీసుకోండి. నోటిమాట సరిహద్దులో చెల్లదు.

అద్దెలో బాధలు లేవని కాదు. నేపాల్‌లోని పోఖరాలో ఒకసారి నేను తీసుకున్న బండికి ముందు బ్రేకు మెత్తగా ఉందని తాతోపానీ దిగుడులో తెలిసింది. తిరిగిచ్చేటప్పుడు ముందే ఉన్న సొట్టకి డిపాజిట్లో కోత పెట్టారు. తీసుకునే ముందు బండి చుట్టూ తిరిగి వీడియో తీయండి, డిపాజిట్‌గా డబ్బివ్వండి గానీ పాస్‌పోర్టు ఇవ్వకండి. సొంత బండి సుఖం అక్కడే తెలుస్తుంది. ఏ చప్పుడు ఎక్కడిదో మనకి తెలుసు, సీటు మన నడుముకి అలవాటైపోయి ఉంటుంది. ఆ ప్రేమని నేను కొట్టిపారేయను.

కానీ లెక్క వేరు. అద్దె రోజురోజుకీ పెరుగుతుంది. పెట్టె, ఓడ, కార్నె ఖర్చు ఇరవై రోజులు తిరిగినా రెండొందల రోజులు తిరిగినా దాదాపు ఒకటే. రెండు నెలల్లోపు అయితే అద్దెకే నా ఓటు. మూడు నెలలు దాటితే సొంత బండి. మధ్యలో ఉన్నవాళ్లు బ్యాంకు గ్యారంటీకి డబ్బు ఇరుక్కుపోయినా నిద్రపడుతుందా అని ఆలోచించుకోవాలి. అక్కడే కొని, తిరిగి అమ్మేసి రావడం కూడా ఒక దారే. కానీ విదేశీయుడి పేర రిజిస్ట్రేషన్, చివర్లో తొందరమ్మకం, రెండూ తలనొప్పులే.

సొంత బండి నిజంగా గెలిచే చోటు ఆఫ్రికా. మొంబాసాలో దించి, కెన్యా, టాంజానియా, జాంబియా, బోట్స్‌వానా, నమీబియా మీదుగా దక్షిణాఫ్రికా చేరి డర్బన్‌లో ఓడెక్కించేయొచ్చు. రెండు చివర్లా పోర్టులున్నాయి, దారిపొడవునా మనలాగే ఎడమవైపు బండి నడుపుతారు, ఏడాది కార్నె సరిపోతుంది. నాలుగైదు నెలలు ఉన్నవాడు అద్దె గురించి ఆలోచించనే అక్కర్లేదు. ఆస్ట్రేలియాకైతే ఓపిక కావాలి. మడ్‌గార్డు కింద అరకు మట్టి చిటికెడు దొరికినా శుభ్రం చేయించి, ఆ ఖర్చు మనకే వేస్తారు. రేడియేటర్ సందుల్లోకి టూత్‌బ్రష్ పెట్టాల్సిందే.

మూడు వారాల వాళ్లకి, సొంత బండే కావాలని మొండికేసేవాళ్లకి, నేపాల్. పెట్టె లేదు, కార్నె లేదు, వీసా లేదు. ఆర్.సి., లైసెన్సు, ఓటరు కార్డు చూపించి సరిహద్దులో భన్సార్ (నేపాల్ కస్టమ్స్ రుసుము) కట్టి వెళ్లిపోవడమే. ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర పాలసీని నేపాల్‌కి పొడిగించే ఎండార్స్‌మెంట్ ముందే రాయించుకోవాలి. బేని నుంచి జోమ్‌సోమ్ దారి కాలీగండకి పక్కనే సాగుతుంది, సాలగ్రామాలు దొరికే నది. పదకొండు దాటితే లోయలో గాలి బండిని పక్కకి నెట్టేస్తుంది, అందుకని చీకటితోనే బయల్దేరాలి. పైన ముక్తినాథ్, నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. మా అత్తగారికి ఆ పేరు చెప్పాక ప్రయాణానికి ఇంట్లో అడ్డేమీ రాలేదు.

అక్టోబరులో నేపాల్‌కి సొంత బండి, వచ్చే జులైలో ఓష్‌లో అద్దె బండి, అలా కుదిరింది. మా బావమరిది మాత్రం టేపు ఇంకా తిరిగివ్వలేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "బావా, మొంబాసాకైతే చక్రం విప్పాలేటి?" అని అడిగాడు.