గ్లాస్ ఫైబర్, కార్బన్ ఫైబర్ టెఫ్లాన్ బుష్‌లు: ఆరేళ్ల వాడకం తరువాత

జీడిమెట్లలో కారం, పసుపు, ధనియాల పొడి ప్యాక్ చేసే ఒక చిన్న కర్మాగారంలో యంత్రాల నిర్వహణ నా బాధ్యత. మా ప్యాకింగ్ యంత్రాలలో ప్యాకెట్ మూతిని అతికించే సీలింగ్ జాస్ 20 మిల్లీమీటర్ల గైడ్ రాడ్లపై ముందుకూ వెనక్కూ కదులుతూ ఉంటాయి. నిమిషానికి 40 ప్యాకెట్ల చొప్పున 16 గంటలు నడిస్తే రోజుకు 38,400 కదలికలు. ఒక్కో కదలిక రానూపోనూ 50 మిల్లీమీటర్లు కాబట్టి, రాడ్ చుట్టూ గొట్టంలా ఉండి దాన్ని జారనిచ్చే ప్రతి బుష్ రోజుకు దాదాపు 2 కిలోమీటర్లు రాడ్‌ను ఒరుసుకుంటూ ప్రయాణిస్తుంది. మొదట గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లు ఉండేవి. వాటికి పెట్టిన గ్రీజు సీలింగ్ వేడికి కరిగి, కారంపొడితో కలిసి ముద్ద కట్టేది. తినే వస్తువు పక్కన అటువంటిది ఉండకూడదన్న పట్టుదలతోనే గ్రీజు అక్కరలేని టెఫ్లాన్ వైపు మళ్లాను.

వట్టి టెఫ్లాన్ పదకొండు రోజులు కూడా నిలవలేదు. ఉక్కుపై దాని ఘర్షణ గుణకం 0.05 నుంచి 0.10 వరకే ఉన్నా, మెత్తని పదార్థం కావడం వల్ల పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందులో పీచు కలిపితే బరువును పీచు మోస్తుంది, పెద్ద పొరలు ఊడకుండా అడ్డుపడుతుంది, అరుగుదల వందల రెట్లు తగ్గుతుంది. రాణిగంజ్‌లో 25 శాతం గ్లాస్ ఫైబర్ కలిపిన కడ్డీ తెచ్చి లేత్‌పై బుష్‌లు తిప్పించాను. ఐదు నెలలైనా బోర్ గేజ్‌లో (బుష్ లోపలి రంధ్రాన్ని, అంటే బోరును కొలిచే సాధనం) చెప్పుకోదగ్గ తేడా కనిపించకపోవడంతో సంతోషించాను, కానీ జాస్ మాత్రం వణకడం మొదలుపెట్టాయి. విప్పి బాలానగర్‌లోని మా టర్నర్‌కు చూపిస్తే ఆయన గోటితో రాడ్‌ను తడిమి, “అన్నా, బుష్ మంచిగనే ఉంది, రాడ్డే పోయింది” అన్నాడు. మా రాడ్లు 304 స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. తుప్పు పట్టదనే వాటిని ఎంచుకున్నాము కానీ అది మెత్తని లోహం, వేడి చేసి చల్లార్చినా గట్టిపడదు. బుష్ ఉపరితలంపై తేలిన గాజు పీచుల కొసలు దానిపై సన్నని గాడులు కోశాయి. బుష్‌ను మాత్రమే కొలుస్తూ కూర్చున్నందుకు రెండు జతల రాడ్లు పోగొట్టుకున్నాను.

తరువాత 10 శాతం కార్బన్ ఫైబర్ ఉన్న టెఫ్లాన్‌కు మారాను, రాడ్లకు హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత) వేయించాను. కార్బన్ పీచు గాజు పీచు అంతగా లోహాన్ని గీయదు, రాపిడిలో పుట్టిన వేడిని మెరుగ్గా బయటకు పంపుతుంది. కొనేటప్పుడు ఒక్క విషయం గట్టిగా అడగాలి: దుకాణాల్లో ‘కార్బన్ ఫిల్డ్’ అని ఇచ్చేది చాలాసార్లు కార్బన్ పొడి కలిపిన రకం, పీచు కలిపినది వేరు.

ఈ ఆరేళ్లలో నేను అన్నిటికంటే ఆలస్యంగా గ్రహించినది రాడ్‌పై ఏర్పడే నల్లటి పొర సంగతి. కొత్త బుష్ మొదటి కొన్ని గంటల్లో కొద్దిగా పొడి రాలుస్తుంది; ఆ టెఫ్లాన్, కార్బన్ రజను రాడ్‌కు పలుచగా అంటుకున్న తరువాత టెఫ్లాన్ టెఫ్లాన్‌పైనే జారుతుంది, అరుగుదల ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. ఒక యంత్రంలో మాత్రం బుష్‌లు మిగతావాటికంటే మూడింతల వేగంగా ఎందుకు అరుగుతున్నాయో నెలల తరబడి అర్థం కాలేదు. రోజూ సాయంత్రం ఒక కుర్రాడు శ్రద్ధగా ఆ రాడ్లను స్పిరిట్‌తో మెరిసేలా తుడిచేవాడు! అతని తప్పేమీ లేదు, నేనే చెప్పలేదు. ఇప్పుడు పొడి గుడ్డతో పైపైన దులపడం తప్ప మరేమీ చేయనివ్వను, నూనె చుక్క వేయడం కూడా నిషేధమే, ఎందుకంటే నూనె ఆ పొరను నిలవనివ్వదు, పైగా కారంపొడిని పట్టి ఉంచుతుంది. పొడి లోపలికి, రజను బయటికి పోకుండా రాడ్లకు రబ్బరు బెల్లోస్ (మడతలు మడతలుగా సాగే తొడుగులు) తొడిగించాను.

చలికాలంలో మరొక చిక్కు ఎదురైంది. సుమారు 19 డిగ్రీల సెల్సియస్ దగ్గర టెఫ్లాన్ లోపలి అమరిక మారి దాని ఘనపరిమాణం సుమారు 1 శాతం పెరుగుతుంది. జనవరి తెల్లవారుజామున చలిలో కొలిచి తిప్పిన బుష్‌ను బ్రాకెట్‌లో బిగిస్తే, ఎండ ఎక్కేసరికి బయటకు పెరిగే దారి లేక లోపలికే పెరిగి రాడ్‌ను పట్టేసింది. అప్పటి నుంచి కొలతలన్నీ మధ్యాహ్నమే.

30 శాతం గ్లాస్ ఉన్న నైలాన్‌ను నీళ్లతో కడిగే భాగంలో పెట్టి చూశాను. నీరు పీల్చి ఉబ్బి, కదలడానికి వదిలిన సందును (క్లియరెన్స్) తినేసింది, రెండు వానాకాలాల తరువాత తీసేశాను. పొడిగా ఉండే చైన్ గైడ్‌లకు మాత్రం అది చక్కగా సరిపోయింది.

ప్రస్తుతం కార్బన్ ఫైబర్ బుష్‌లు క్రోమ్ రాడ్లపై పద్నాలుగు నెలలుగా నడుస్తున్నాయి. గత వారం కొలిస్తే బోరు 0.06 మిల్లీమీటర్లు పెరిగింది, రాడ్ కొలతలో తేడా లేదు. 304 రాడ్లున్న చివరి యంత్రాన్ని ఈ ఆదివారం విప్పుతున్నాము.