‘సరస్సుల మీద నారోబోట్’ అని చూసి డబ్బు కట్టేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

యూకేలో ఉండి, ఈ వేసవికి అమ్మానాన్నల్ని పిలిపించుకుని ఎక్కడికి తీసుకెళ్దామా అని వెతుకుతున్న మనవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. మేము మొన్న శనివారం నారోబోట్ (సన్నగా, పొడుగ్గా ఉండే పడవ) విహారానికి ఆరుగురికి తలా 40 చొప్పున 240 పౌండ్లు కట్టాం. మాకు చూపించింది ఒకటి, ఎక్కించింది ఇంకొకటి.

టికెట్లు అమ్మే ఒక సైట్‌లో కొన్నాను, పేరు రాయట్లేదు. ‘ష్రాప్‌షైర్ సరస్సుల మీద రోజంతా తీరిగ్గా నారోబోట్ విహారం, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు’ అని ఉంది. ఫొటోలో చుట్టూ కొండలు, మధ్యలో కనుచూపు మేర నీళ్ళు. నాన్నకి అదే చూపించాను, ఆయన నిడదవోలులో చుట్టాలందరికీ పంపించారు కూడా.

ఎల్స్‌మియర్ దగ్గర పడవ ఎక్కాక తెలిసింది, అది లాంగోలెన్ కాలువ. ఆ ఊరి చుట్టుపక్కల ది మియర్, బ్లేక్ మియర్, కోల్ మియర్ లాంటి సరస్సులు ఉన్నమాట నిజమే, మంచు యుగం చివర్లో ఏర్పడ్డవి, అందంగానే ఉంటాయి. కానీ కాలువ వాటి పక్కనుంచి పోతుందే తప్ప వాటిలోకి దారి లేదు. 80 మీటర్ల చిన్న సొరంగం దాటగానే బ్లేక్ మియర్ గట్టు పక్కనే వస్తుంది, ఆ తర్వాత కోల్ మియర్ చెట్ల సందుల్లోంచి కనిపిస్తుంది, అంతే. నాన్న మూడుసార్లు అడిగారు, “సరస్సు ఎప్పుడొస్తుందిరా?” అని. గట్టు అవతల కనిపిస్తున్నదే సరస్సు నాన్నా, మనం దాంట్లోకి వెళ్ళం అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయన పుట్టి పెరిగింది గోదావరి కాలువల మధ్య, లాకులు, పడవలు ఆయనకి కొత్త కాదు. కాలువ అని ముందే చెప్పుంటే కాలువలాగే చూసి సంతోషపడేవారు.

అసలు నారోబోట్ అంటేనే ఇంగ్లండ్ ఇరుకు కాలువల కోసం పుట్టిన పడవ. వెడల్పు ఏడడుగులకి కాస్త తక్కువ, అడుగు చదునుగా ఉంటుంది. గాలి తోసే పెద్ద నీటి మీదికి దాన్ని తీసుకెళ్ళడం మామూలు విషయం కాదు. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే ఆ ప్రకటన చూడగానే అనుమానం వచ్చేది.

ఇక ‘రోజంతా’ సంగతి. పడవ నడుపుకోవాల్సింది మనమే. కాగితాల మీద సంతకాలు, చుక్కాని కర్ర ఎలా పట్టుకోవాలో (పడవ ఎడమకి తిరగాలంటే కర్రని కుడికి నెట్టాలి) నేర్పించడం అయ్యేసరికి 10:20 అయింది. నాలుగింటికల్లా తిరిగి రావాలని అప్పుడు చెప్పారు. గంటకి 4 మైళ్ళు దాటకూడదు, గట్టున కట్టేసిన పడవలు కనిపిస్తే ఇంకా నెమ్మదించాలి, అంటే ఇంచుమించు నడిచే మనిషి వేగమే. పైగా ఈ కాలువలో నీరు పారుతుంది. లాంగోలెన్ దగ్గర డీ నది నుంచి తీసుకున్న నీళ్ళు హర్ల్‌స్టన్ రిజర్వాయర్‌కి తాగునీటి కోసం వెళ్తాయి. మేము వెళ్ళింది ఆ వాలుకే, తిరిగొచ్చేటప్పుడు ఎదురు. వెళ్ళినంత సేపట్లో వెనక్కి రాలేం అని ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది పడవ తిప్పడం. ఇంత పొడుగు పడవని కాలువలో ఎక్కడంటే అక్కడ తిప్పలేం, అందుకోసం అక్కడక్కడా వెడల్పు చేసిన చోట్లు ఉంటాయి, వైండింగ్ హోల్ అంటారు. మాకిచ్చిన మ్యాప్ జిరాక్స్‌లో అది సరిగ్గా కనపడలేదు, దాటిపోయాం, తర్వాతది వచ్చేదాకా ముందుకే పోవాల్సి వచ్చింది. వెనక్కి చేరేసరికి 4:50. డిపాజిట్‌గా కట్టిన 150లో 60 పౌండ్లు ఆలస్యానికి కోసేశారు.

లైఫ్ జాకెట్లు అందరికీ ఇస్తామని సైట్‌లో ఉంది. అక్కడ పిల్లల సైజు లేదు. మా పాపకి ఆరేళ్ళు. రోజంతా దాన్ని లోపలే కూర్చోబెట్టి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకునే ఉంది. నేను అసలు పడవ దిగేసి ఉండాల్సింది, ఆ మాట ఇప్పటికీ నన్ను వదలట్లేదు.

రేవు దగ్గర బోర్డు మీద అదే పడవ, అదే రోజుకి మొత్తం 160 పౌండ్లు అని రాసుంది. పడవవాళ్ళని అడిగితే, ఆ ఫొటో తమది కాదని, సరస్సు అని తామెప్పుడూ చెప్పలేదని అన్నారు. నేను నమ్మాను, మాట మర్యాదగా ఉంది, నేర్పించడం కూడా ఓపిగ్గా నేర్పించారు. గొడవంతా మధ్యలో ఉన్న సైట్‌తోనే.

మీరు కట్టేముందు మూడు విషయాలు మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్‌లో కాదు: పడవ ఏ నీటి మీద నడుస్తుంది, తాళం చేతికిచ్చేది ఎన్నింటికి తిరిగివ్వాల్సింది ఎన్నింటికి, ఎక్కడ తిప్పుకోవాలి. పిల్లలుంటే జాకెట్ సైజు కూడా. తేదీ పెట్టి బుక్ చేసిన విహారాలకి ఆన్‌లైన్ కొనుగోళ్ళకుండే 14 రోజుల రద్దు హక్కు వర్తించదు, కాబట్టి కట్టాక చూసుకుందాంలే అనుకోకండి. వీలైతే నేరుగా పడవవాళ్ళకే క్రెడిట్ కార్డుతో కట్టండి. 100 పౌండ్లు దాటిన కొనుగోలుకి 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్‌లో సెక్షన్ 75 కింద కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది, మధ్యలో ఏజెంటు దూరితే అక్కడే పేచీ మొదలవుతుంది. నా కేసులో ఇప్పుడు నడుస్తున్నది ఆ పేచీయే. చెప్పిన సేవ చెప్పినట్టు ఇవ్వాలని 2015 వినియోగదారుల హక్కుల చట్టం ఉంది కాబట్టి ప్రకటన స్క్రీన్‌షాట్‌తో సైట్‌కి కూడా రాశాను. తీసి పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది, ఎందుకంటే సోమవారానికి ఆ ఫొటో మార్చేశారు. ‘సరస్సుల మీద’ అన్న మాట మాత్రం ఇంకా అలాగే ఉంది.

నిజంగా సరస్సుల మీదే పడవలో తిరగాలనుంటే ఐర్లండ్‌లో షానన్ నది మీద లాఖ్ రీ, లాఖ్ డెర్గ్ ఉన్నాయి, జర్మనీలో మ్యూరిట్స్ వైపు ఉన్నాయి. అక్కడ ఇచ్చేవి వేరే రకం, వెడల్పాటి పడవలు, ఎక్కువగా వారానికో వారాంతానికో ఇస్తారు.

వచ్చే శనివారానికి అదే సైట్‌లో ఇంకా టికెట్లు కనిపిస్తున్నాయి. ఇప్పటికే కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.