నరసింహస్వామి కనుబొమ వణికింది: మూడేళ్లు వాడిన పెన్ టాబ్లెట్ గురించి

తెర మీదే బొమ్మ వేసే పదహారంగుళాల పెన్ టాబ్లెట్ కొని మూడేళ్లయింది. రిజల్యూషన్ ఎంత, ఒత్తిడి స్థాయిలు ఎన్ని అన్నవి ఏ వీడియోలో చూసినా ఉంటాయి, నేను ఆ జోలికి పోను. నాకు కావాల్సింది ఒక్కటే, నెమ్మదిగా లాగే గీత. నేను వేసేవి తోలుబొమ్మల పద్ధతి బొమ్మలు. కనుబొమ, మీసం, కిరీటం అంచు ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో రావాలి.

మాది నెల్లూరు. చిన్నప్పుడు తిరునాళ్లలో ఆట చూశాను. మేకతోలును వెలుగు దూరేంత పలచగా చేసి, రెండు వైపులా రంగులు వేసి, నగలు ఉండాల్సిన చోట ఉలితో సన్నటి రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాలే ముత్యాలు. టాబ్లెట్ ఆన్ చేసిన మొదటి రాత్రి అదే గుర్తొచ్చింది. ఇక్కడా వెలుగు వెనక నుంచే కదా! ఇన్నేళ్లూ కాగితాల మీద ఏం చేశానా అనిపించింది. ఆ వారంలోనే ఇద్దరు స్నేహితుల చేత ఇదే కొనిపించాను. కొంచెం తొందరపడ్డాను లెండి.

రెండో ఎండాకాలంలో మా వైపు నరసింహస్వామి క్షేత్రమైన పెంచలకోన కథకు బొమ్మలు మొదలుపెట్టాను. హిరణ్యకశిపుణ్ణి చంపాక ఉగ్రం తగ్గని స్వామి అడవుల్లో తిరుగుతూ చెంచులక్ష్మిని చూసి శాంతించాడని, ఇద్దరూ పెనవేసుకుని శిలగా వెలిశారని కోన కథ. మొత్తం పన్నెండు బొమ్మలు. తల, చేతులు విడివిడి పొరల్లో గీసి, కంప్యూటర్లో కీళ్లు కట్టి ఆడించాలి. వైశాఖంలో నరసింహ జయంతి లోపు అయిపోవాలని టెన్షన్. సరిగ్గా అప్పుడే గీత వణకడం మొదలైంది. వేగంగా గీస్తే ఏమీ లేదు. నెమ్మదిగా, ఏటవాలుగా లాగితే మాత్రం కనుబొమ రంపప్పళ్లలా వచ్చేది. ఉగ్రనరసింహుడు కాస్తా చలిజ్వరం మనిషిలా తయారయ్యాడు.

పెన్ను మొన మార్చాను. కంప్యూటర్లో టాబ్లెట్‌ను నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. ఈ పెన్నుకు బ్యాటరీ ఉండదు, తెర కింద తీగల అల్లిక పుట్టించే అయస్కాంత క్షేత్రంతోనే పనిచేస్తుంది. పక్కనున్న స్పీకర్లో అయస్కాంతం ఉంటుందని దాన్ని తీసుకెళ్లి వంటింట్లో పెట్టాను. లాభం లేదు. సర్వీస్ సెంటర్‌కు పంపితే పదమూడు రోజులు ఉంచుకుని "ఏ లోపమూ లేదు" అని చీటీ పెట్టి పంపారు. ఒళ్లు మండిపోయింది. ఇంట్లో పెట్టి చూస్తే అదే వణుకు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మాకు ఇన్వర్టర్ లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది, టాబ్లెట్‌కు కరెంటు దాన్నుంచే. చెమటలు కారుతుంటే విసుగ్గా ఒక మీసం లాగాను. నూలు పట్టి గీసినట్టు వచ్చింది! కరెంటు వచ్చింది, వణుకూ వచ్చింది. కొన్నాళ్లుగా టాబ్లెట్ వెనక రేకు తాకితే వేలు జిల్లుమంటున్న సంగతి అప్పుడు తట్టింది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. ఆయన టాబ్లెట్ వంక చూడను కూడా చూడలేదు. పెరట్లోకి పోయి ఎర్త్ గుంత మూత తీసి, "దీంట్లో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందబ్బయ్యా?" అన్నాడు. నాన్న ఉన్నప్పుడు ఎండాకాలమంతా పోసేవాడు, ఆ తర్వాత ఎవరం పట్టించుకోలేదు. లోపల బొగ్గు, ఉప్పు, మట్టి అన్నీ ఎండి నెర్రెలిచ్చాయి. మూడు బిందెలు పోశాం. మర్నాటికి గీత తిన్నబడింది. ఛార్జర్ నుంచి లీకయ్యే కరెంటు తడి లేని మట్టిలోకి సరిగ్గా దిగదు, అలా దిగని కరెంటు అలజడంతా పెన్ను గీతలో కనిపిస్తుంది. నేల మీద చావకూడదని వరం అడిగినవాడి కథ గీస్తూ నేల సంగతే మరిచిపోయావని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

సర్వీస్ వాళ్ల చీటీ అబద్ధమనను, వాళ్ల బల్ల దగ్గర ఎర్తింగ్ బాగుండి ఉంటుంది. కానీ "మీ ఇంట్లో ప్లగ్ ఒకసారి చూపించుకోండి" అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? పెట్టెలో వచ్చిన పుస్తకంలోనూ ఆ ఊసు లేదు. నా కోపమల్లా అక్కడే.

వెనక వెలుగును ఇందాక తెగ మెచ్చుకున్నాను కదా. అవే బొమ్మలు గుడ్డ మీద ప్రింట్ తీయిస్తే కుంకుమ ఎరుపు ఇటుక రంగుకు దిగింది. ప్రొజెక్టర్‌తో తెల్లపంచె మీద వేసినప్పుడే మళ్లీ ప్రాణం వచ్చింది. కాబట్టి ప్రింట్ల మీద బతికేవాళ్లు తెరను చూసి మురిసిపోకండి.

నేను కొనిపించిన ఇద్దరిలో ఒకాయన కార్టూన్లు వేస్తాడు, చెయ్యి చకచకా కదులుతుంది. వణుకంటే ఏంటని నన్నే అడుగుతాడు. ఇంకొకాయనది ఒంగోల్లో కొత్త అపార్ట్‌మెంట్, ఆయనకూ ఏ ఇబ్బందీ లేదు. పాత ఇల్లు, నెమ్మది చెయ్యి రెండూ ఉన్నవాళ్లు మాత్రం ముందు ప్లగ్ చూపించుకుని కొనండి. నేనైతే దీన్ని మార్చను. సగం ఇష్టం, సగం ఇంకోటి కొనే డబ్బుల్లేక.