‘రీసైకిల్డ్ మ్యూజిక్’ క్యాసెట్లు కొనేవాళ్లు ముందు ఆ మూల చిల్లులు చూడండి

నాయిస్ మ్యూజిక్ (రొదనే సంగీతంగా చేసే రకం) క్యాసెట్లు ఏరుకునేవాళ్లు మనలో పట్టుమని పదిమంది ఉండరేమో. ఆ కొద్దిమందీ ఇది చదవండి. ఆర్‌ఆర్‌రికార్డ్స్ వాళ్ల రీసైకిల్డ్ మ్యూజిక్ సిరీస్ అని చెప్పి ఒక విదేశీ అమ్మకందారు ఇంట్లో చేసిన నకిలీలు అంటగడుతున్నాడు. నాకూ అంటగట్టాడు.

తెలియనివాళ్ల కోసం: అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం లోవెల్‌లో రాన్ లెసార్డ్ 1984లో పెట్టిన రికార్డుల కంపెనీ (లేబుల్) ఈ ఆర్‌ఆర్‌రికార్డ్స్. జపాన్ నాయిస్ కళాకారుడు మెర్జ్‌బౌ డబుల్ ఎల్పీని (రెండు రికార్డుల సెట్టు) 1986లోనే వేసింది వీళ్లే. ఎమిల్ బోలియో పేరుతో రొద చేసిందీ ఆ లెసార్డే. రీసైకిల్డ్ సిరీస్‌కి ఖాళీ క్యాసెట్లు వాడలేదు. జనం వదిలించుకున్న పాప్ పాటల క్యాసెట్లు తెచ్చి, ఆ పాటల మీదే నాయిస్ ఎక్కించి, పైన డక్ట్ టేప్ (మందపాటి అంటుపట్టీ) అంటించి, మార్కర్‌తో పేరు రాసి అమ్మారు. ఏ రెండు కాపీలూ ఒకేలా ఉండవు. మోసగాడికి పండగ అక్కడే. డక్ట్ టేపూ మార్కరూ దొరకని ఊరుందా?

డబ్బు పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపితేనే ఇస్తానని పట్టుబట్టాడు. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది చేత కట్టించాను. అలా పంపిన డబ్బుకి కొనుగోలుదారు రక్షణ వర్తించదు, వాడి పట్టుదలంతా అందుకే.

క్యాసెట్ వచ్చాక డక్ట్ టేప్ ఒక మూల లేపి చూశాను. వెనక అంచున రెండు కొసల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ రేకులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. దొరికిపోయాడు! కంపెనీ పాటల క్యాసెట్లకి ఆ రేకులుండవు, చిల్లులే ఉంటాయి. మన ఇళ్లలో పాత భక్తిగీతాల క్యాసెట్ మీద పిల్లల మాటలు రికార్డ్ చేయడానికి ఆ చిల్లుల్లో కాగితం కుక్కేవాళ్లం, గుర్తుందా? రేకులున్నాయంటే అది కొట్లో కొన్న ఖాళీ క్యాసెట్టే. నిడివి కూడా పట్టిచ్చింది. ఒక్కో వైపు 30 నిమిషాల చిల్లర, అంటే మామూలు సి-60 (మొత్తం 60 నిమిషాల ఖాళీ క్యాసెట్). ఆల్బమ్ క్యాసెట్‌లో ఆ ఆల్బమ్‌కి సరిపడా టేపే చుడతారు కాబట్టి అంత సరిగ్గా సి-60 లెక్కకి రావడం అరుదు. అసలు కాపీల్లో నాయిస్ ఆగాక ఒక్కోసారి కింది పాట తోక వినిపిస్తుంది. నా దాంట్లో చివరిదాకా ఉత్త హిస్, అంటే ఖాళీ టేపు బుస.

అడిగితే ‘నాయిస్ అంటే ఇలాగే ఉంటుంది, నీకు అలవాటు లేదేమో’ అన్నాడు. రొదగా ఉందని నేనెప్పుడు గొడవపడ్డాను మహాప్రభో!

రేపు తెలివిమీరి పాత పాటల క్యాసెట్ల మీదే చేశాడంటే చిల్లుల పరీక్ష పనిచేయదు. అప్పుడు ధర చూడండి. ఇవి మొదట్నుంచీ చవక సరుకే, మరీ ఎక్కువ అడిగితే అనుమానించండి. ఈ మధ్య వాడి ప్రకటనల్లో ‘సీల్ తీయనిది’ అని కూడా చేర్చాడు. పారేసిన క్యాసెట్‌కి సీలేమిటి, నా మొహం.

ఖాతా పేరు మార్చాడు గానీ ఫొటోలు అవే: బూడిదరంగు దుప్పటి, మూల పగిలిన పెట్టె. ఎవరి దగ్గర కొన్నా డక్ట్ టేపు లేపి ఆ అంచు ఫొటో, ఒక వైపు చివరి నిమిషం ఆడియో పంపమనండి. వాడి కొత్త ఖాతాకి రాసి మా బావమరిది ఈ రెండే అడిగాడు. వాడు మారుమాట లేకుండా బ్లాక్ చేశాడు.