‘స్క్రబ్స్’ రేబిస్ ఎపిసోడ్: రోగం లెక్క సరిపోయింది, అవయవాల లెక్కే తప్పింది

కామెడీ సీరియలే కదా అని తేలిగ్గా కూర్చుంటే దెబ్బతింటారు. 2006లో వచ్చిన అమెరికన్ హాస్పిటల్ కామెడీ ‘స్క్రబ్స్’ ఐదో సీజన్, 20వ ఎపిసోడ్ ‘మై లంచ్’. కథంతా కిందే ఉంది, చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి.

జిల్ అనే పేషెంట్ చనిపోతుంది. కొకైన్ ఎక్కువై పోయిందనుకుంటారు. ఆమె అవయవాలు అందుకున్న ముగ్గురూ ఒకరి వెనక ఒకరు కుప్పకూలతారు. అసలు కారణం రేబిస్.

ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు. 2004లో అమెరికాలో ఒక దాత మెదడులో రక్తస్రావంతో పోయాడు. యూరిన్‌లో కొకైన్ ఆనవాళ్ళున్నాయి. లివర్, రెండు కిడ్నీలు ముగ్గురికి, ఒక ధమని ముక్క మరొకరికి వెళ్ళాయి. నలుగురూ పోయారు. దాతను గబ్బిలం కరిచిందన్న సంగతి తర్వాతే బయటపడింది.

ఎందుకు దొరకలేదంటే, వైరస్ నరాల దారిలో పోతుంది కాబట్టి మామూలు రక్తపరీక్షలో పడదు. లాలాజలం, మెడ వెనక చర్మం ముక్క, వెన్ను నీరు కలిపి చూడాలి. ఒక్కటి నెగటివ్ వచ్చినంత మాత్రాన లేదని చెప్పలేం. ఆ రిపోర్టులు వచ్చేదాకా దాత నుంచి తీసిన గుండెను ఆపి ఉంచలేం, దానికున్న గడువు 4 నుంచి 6 గంటలు. మార్పిడి అయినవాళ్ళకు చేతులు వణికితే టాక్రోలిమస్ (కొత్త అవయవాన్ని ఒళ్ళు తోసిపుచ్చకుండా ఇచ్చే మందు) వల్లనుకుంటారు, జ్వరమొస్తే ఇన్ఫెక్షన్ అంటారు. టెస్టు చేయించలేదని, సీరియల్‌లో ఈ అవయవాలు ఇప్పించిన డాక్టర్ కాక్స్‌ను తప్పుపట్టలేం. ఇక్కడ రచయితలు హోమ్‌వర్క్ బాగా చేశారు.

తప్పిందల్లా మిగతా చోట. అసలు కేసులో లక్షణాలు కనిపించడానికే మూడు వారాలు పట్టింది, ఇక్కడ చకచకా పోతారు. టీవీ కదా, సర్దుకోవచ్చు. దాతకు వైద్యం చేసిన డాక్టరే అవయవాలు ఎవరికివ్వాలో తేల్చడం మాత్రం మింగుడుపడదు. మన విశాఖలో అయితే బ్రెయిన్ డెత్‌ను నలుగురు డాక్టర్ల బోర్డు 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. మార్పిడి చేసే టీమ్‌కు అందులో చోటు లేదు. అవయవాలు ఎవరికన్నది రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ వెయిటింగ్ లిస్టు ప్రకారం జరగాలి. ఇంకోటి, మన ఊళ్ళో గబ్బిలం కాదు, అడగాల్సింది కుక్క గురించి. ‘ఈమధ్య కుక్క కరిచిందా, సూదులన్నీ వేయించారా’ అని దాత ఇంట్లోవాళ్ళను నిలదీసి అడగాలి. కారణం తేలని మెదడువాపు ఉంటే ఆ దాతను వదిలేయడమే మేలు.

కిడ్నీ పేషెంట్ మరో నెల ఆగగలిగేవాడే కదా అని కాక్స్ అనే మాట ఎపిసోడ్ మొత్తంలో గట్టి మాట. గుండెకు లేని దారి కిడ్నీకి ఉంది, అదే డయాలసిస్.

చూపించని సంగతొకటుంది. 2013లో మేరీలాండ్‌లో కిడ్నీ మార్పిడి అయిన వ్యక్తి రేబిస్‌తో పోయాడు. అదే దాత అవయవాలు అందుకున్న మిగతా ముగ్గురికి వెంటనే టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) ఇచ్చారు, రోగం రాలేదు. లక్షణాలు మొదలవకముందే పట్టుకుంటే దారి ఉంటుందన్నమాట. స్క్రిప్టులో దానికి ఒక్క డైలాగు దొరకలేదు.

అయిదుకు నాలుగు. మెడికల్ స్టూడెంట్లు తప్పకుండా చూడాలి. ఇంట్లో ఎవరైనా మార్పిడి కోసం ఎదురుచూస్తుంటే మాత్రం వాళ్ళ ముందు పెట్టకండి.