బ్రేక్ లింక్ నొక్కినా పోని లింకులు: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాను టోకుగా అమ్మే ఒక సంస్థలో నేను లెక్కలు చూస్తాను. మా స్టాకు, రేట్లు, కొటేషన్లు అన్నీ ఎక్సెల్ వర్క్‌బుక్‌లలోనే నడుస్తాయి. వాటిలో పెద్దదైన స్టాకు ఫైలును నాకంటే ముందున్న ఉద్యోగి 2014లో తయారు చేశారు. ప్రతి ఏప్రిల్‌లో పాత ఫైలును కాపీ చేసి, పేరులో సంవత్సరం మార్చి, కొత్త ఫైలుగా వాడుకోవడం అప్పటినుంచి వస్తున్న ఆనవాయితీ. నేను చేరేనాటికే ఆ ఫైలు తెరవగానే, ఇందులో బయటి మూలాలకు లింకులున్నాయి, అవి సురక్షితం కాకపోవచ్చు, అప్‌డేట్ చేయాలా వద్దా అని ఎక్సెల్ అడిగేది. లింకు అంటే ఈ ఫైలు మరో ఫైలులోని విలువను తెచ్చుకునే సంబంధం. చేయమంటే ఆ మూలం దొరకడం లేదని చెప్పేది. వద్దంటే ఆ పూటకు ఊరుకుని మరునాడు మళ్లీ అడిగేది. బాలానగర్ గోదాములోని స్టోర్‌కీపర్ నెలకొకసారైనా ఫోన్ చేసి, "అన్నా, గా ఫైలు తెరిస్తే మల్ల గదే అడుగుతున్నది, ఏం ఒత్తాలె?" అనేవాడు.

ఆ ప్రశ్నను పోగొట్టడానికి ఇన్నేళ్లుగా నేను వాడుతూ వచ్చిన పనిముట్ల గురించే ఈ సమీక్ష. అందరికీ ముందు చేతికి తగిలేది ఎక్సెల్‌లోని బ్రేక్ లింక్ కాబట్టి దానితోనే మొదలుపెడతాను. డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్ అని ఉండే ఈ ఆదేశం, ఇటీవలి మైక్రోసాఫ్ట్ 365లో వర్క్‌బుక్ లింక్స్ అనే పేరుతో పక్కన తెరుచుకుంటుంది. అందులో లింకును ఎంచుకుని తెంచమంటే, ఆ లింకు ఉన్న ప్రతి సెల్‌లోనూ ఫార్ములాను తీసేసి, చివరిసారి వచ్చిన విలువను అక్కడ స్థిరపరుస్తుంది. ఆ పనిని అది చక్కగానే చేస్తుంది. చిక్కేమిటంటే, ఆ పని మనం అనుకునేదానికంటే చాలా చిన్నది. లింకు సెల్‌లోని ఫార్ములాలో కాక, నిర్వచించిన పేర్లలోనో (సెల్‌లకో, పరిధులకో మనం పెట్టుకునే పేర్లు), డ్రాప్‌డౌన్ వెనుక ఉండి సెల్‌లో ఏది నింపవచ్చో నిర్ణయించే డేటా వ్యాలిడేషన్‌లోనో, షరతులతో రంగు మార్చే కండిషనల్ ఫార్మాటింగ్‌లోనో, షీటుపై గీసిన బొత్తానికి తగిలించిన మ్యాక్రో అనే చిన్న ప్రోగ్రాములోనో ఉంటే, బ్రేక్ లింక్ ఎన్నిసార్లు నొక్కినా జాబితాలో ఆ పేరు కదలదు. షీటుకు పాస్‌వర్డ్ రక్షణ ఉన్నా అంతే.

దానికున్న మరో గుణం ఇంకా ప్రమాదకరమైనది: తెంచిన లింకును అన్‌డూతో వెనక్కి తీసుకోలేము. ఒక ఏప్రిల్‌లో, హెచ్చరికల మీద విసుగుతో, కొటేషన్ల ఫైలులో ఉన్న లింకులన్నిటినీ ఒకేసారి ఎంచుకుని తెంచేశాను. వాటిలో చనిపోయిన లింకులు ఎన్ని, బతికున్నవి ఎన్ని అని చూడలేదు. మా రేట్ల ఫైలుకు ఉన్న లింకు కూడా అందులో పోయింది. రాగి ధర మారినప్పుడల్లా తీగల రేట్లు మారతాయి కదా. రేట్ల ఫైలులో కొత్త ధరలు ఎక్కుతున్నాయి, కొటేషన్లలో మాత్రం పాత అంకెలే గడ్డకట్టి కూర్చున్నాయి. సుమారు రెండు వారాలు ఎవరూ గమనించలేదు. చివరికి ఒక కొనుగోలుదారు బేరం ఆడకుండా ఆర్డరు పెట్టడంతో మా యజమానికి అనుమానం వచ్చింది. అప్పటినుంచి ఏ లింకునైనా తెంచే ముందు ఫైలుకు తేదీ వేసి ఒక కాపీ దాచుకోవడం, జాబితాలోని ప్రతి మూలం పేరు, దారి ఒక కాగితం మీద రాసుకుని ఇది కావాలా వద్దా అని పక్కన గుర్తు పెట్టుకోవడం నాకు అలవాటైంది.

లింకు ఎక్కడుందో తెలుసుకోవడమే ఈ పనిలో ముప్పాతిక వంతు. దాచిన షీట్లన్నిటినీ బయటికి తీసి, ఫైండ్‌లో వర్క్‌బుక్ మొత్తాన్ని, ఫార్ములాలలో వెతకమని చెప్పి వెతకాలి. దేనికోసం వెతకాలన్నదానిలో మాత్రం చాలామంది పొరబడతారు. చదరపు బ్రాకెట్టు కోసం వెతకమని ఎక్కువమంది సలహా ఇస్తారు, ఎందుకంటే బయటి ఫైలు పేరు సాధారణంగా ఆ బ్రాకెట్ల మధ్యే ఉంటుంది. అయితే ఎక్సెల్ టేబుళ్ల నిలువు వరుసల పేర్లు కూడా అవే బ్రాకెట్లలో వస్తాయి కనుక మా స్టాకు షీటులో ఫలితాలు వందల కొద్దీ పోగుపడేవి. పైగా బయటి ఫైలులో నిర్వచించిన పేరును ఫార్ములా వాడుకుంటే అక్కడ బ్రాకెట్టే ఉండదు. అందుచేత చుక్క పెట్టి, పక్కన ఎక్స్, ఎల్ అనే ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే రాసి వెతకడం మేలని నా అనుభవం. పాత ఫైళ్లు, కొత్త ఫైళ్లు, మ్యాక్రోలున్న ఫైళ్లు అన్నీ ఆ మూడు గుర్తులకే దొరుకుతాయి.

ఫైండ్ చూడని మొదటి చోటు నేమ్ మేనేజర్. కంట్రోల్‌తో ఎఫ్ 3 నొక్కితే వస్తుంది. మా ఫైలులో నిర్వచించిన పేర్లు 200 దాటాయి. వాటిలో సగానికి పైగా, ఎప్పుడో తీసేసిన డి డ్రైవ్ ఫోల్డర్లవైపు చూస్తున్నవో, రిఫరెన్సు పోయి తప్పు చూపిస్తున్నవో. రిఫర్స్ టు అనే వరుసను బట్టి అమర్చితే ఒకే ఫైలును చూస్తున్న పేర్లన్నీ ఒకచోటికి చేరతాయి, కట్టగా తీసేయవచ్చు. ఇంతా చేశాక కూడా లింకు పోకపోతే దాచిన పేర్లను అనుమానించాలి. నేమ్ మేనేజర్ వాటిని చూపించదు. మ్యాక్రోలు రాసే విజువల్ బేసిక్ ఎడిటర్‌లో ప్రతి పేరుకూ విజిబుల్ గుణాన్ని ట్రూ చేసే మూడు పంక్తుల మ్యాక్రో నడిపితేనే బయటపడతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దాగి ఉన్న పేరల్లా దొంగ కాదు. ఫిల్టరు పెట్టినప్పుడు దాని పరిధిని గుర్తుంచుకోవడానికి ఎక్సెల్ తానే ఒక దాగిన పేరును సృష్టించుకుంటుంది. దాచిన పేర్లన్నిటినీ ఊడ్చిపారేసే మ్యాక్రోలు తిరుగుతూ ఉంటాయి. వాటిని నేను వాడను, ఎవరికీ ఇవ్వను.

పేర్లలో చిక్కుకున్న లింకులకు ఒక సులువైన ఉపాయం కూడా ఉంది. లింకుల జాబితాలో చేంజ్ సోర్స్ నొక్కి, మూలంగా ఇదే ఫైలును ఎంచుకోవడం. బయటికి చూస్తున్న లింకు తనవైపే తిరిగి జాబితాలోంచి మాయమవుతుంది. షీట్ల పేర్లు రెండు ఫైళ్లలోనూ ఒకటే అయినప్పుడు ఇది ముచ్చటగా పనిచేస్తుంది, మా ఏప్రిల్ కాపీలకు అతికినట్టు సరిపోయింది. అయితే ఆ పేర్లు ఇప్పుడు ఈ ఫైలులోని సెల్‌లనే చూపిస్తాయి కాబట్టి, వాటిపై ఆధారపడిన మొత్తాలు మారాయేమో సరిచూసుకోకుండా ఫైలును సేవ్ చేయకూడదు.

నన్ను ఎక్కువ రోజులు ఏడిపించినవి డ్రాప్‌డౌన్లు. బయటి ఫైలును నేరుగా చూపించే వ్యాలిడేషన్‌ను ఎక్సెల్ మనచేత పెట్టించుకోదు. కానీ ఒక షీటును వేరే వర్క్‌బుక్‌లోకి కాపీ చేసినప్పుడు, దాని డ్రాప్‌డౌన్ పాత ఫైలులోని వేరే షీటుపై ఆధారపడి ఉంటే, ఆ సంబంధం లింకుగా మారి వెంట వచ్చేస్తుంది. ఎఫ్ 5 నొక్కి, స్పెషల్‌లో డేటా వ్యాలిడేషన్ ఎంచుకుంటే అలాంటి సెల్‌లన్నీ వెలుగుతాయి, కానీ వాటిలో ఏది దోషి అన్నది ఒక్కొక్కటిగా తెరిచి చూడాల్సిందే. మా ఫైలులో చివరికి దొరికింది ఎక్కడో తెలుసా? 3,000వ వరుసకు అవతల, ఖాళీగా కనిపించే ఒకే ఒక్క సెల్‌లో, మూసేసిన ఒక శాఖ పేరున్న జాబితా. కండిషనల్ ఫార్మాటింగ్ సంగతీ ఇంతే: రూల్స్ మేనేజర్‌లో ఈ షీటు మొత్తానికి సంబంధించిన నియమాలు చూపించమని అడిగితే, ఏళ్ల తరబడి కాపీ-పేస్టుల వల్ల ముక్కలైన నియమాలు చాంతాడంత బయటపడతాయి. చార్టులు, బొమ్మలు, బొత్తాలు తక్కువే ఉంటాయి కనుక ఆల్ట్‌తో ఎఫ్ 10 నొక్కి, సెలక్షన్ పలకలో వాటి జాబితా చూస్తే సరిపోతుంది.

సాయానికి దొరికే పనిముట్లలో నేను గౌరవించేది ఫైండ్‌లింక్. బిల్ మాన్‌విల్ అనే ఎక్సెల్ నిపుణుడు రాసి ఉచితంగా ఇచ్చిన యాడ్-ఇన్ ఇది, అంటే ఎక్సెల్‌కు అదనంగా తగిలించుకునే పనిముట్టు. ఏ మూలాన్ని వెతకాలో చెబితే అది ఉన్న చోట్లకు తీసుకెళ్తుంది, తీసేయమంటే తీసేస్తుంది. రూపం పాతకాలపుది, పెద్ద ఫైళ్ల మీద తీరిగ్గా నడుస్తుంది, అయినా నా మొదటి రెండేళ్లలో సగం భారం అదే మోసింది. ఇంక్వైర్ అనే యాడ్-ఇన్ ఎక్సెల్ 2013 నుంచి కొన్ని సంచికలతో మాత్రమే వస్తోంది; మా సంచికలో లేదు, హిమాయత్‌నగర్‌లో మా ఆడిటర్ గారి కార్యాలయంలోని కంప్యూటర్‌లో ఉంది. దాని వర్క్‌బుక్ అనాలసిస్ లింకులు, దాచిన పేర్లు, దాచిన షీట్లు అన్నిటినీ ఒక నివేదికగా ఇస్తుంది. రోగం చెబుతుంది గాని మందు ఇవ్వదు. కొత్తగా చేతికొచ్చిన పరాయి ఫైలును అంచనా వేయడానికి అది ఉత్తమం. మొండి లింకును పీకడానికి కాదు.

ఇన్ని చేసినా పోనివాటికి నేను నమ్మేది ఒక్కటే దారి. ఎక్సెల్ 2007 నుంచి వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట, అంటే చాలా చిన్న ఫైళ్లను కలిపి కట్టినది. కాపీ ఒకటి తీసుకుని, ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే, ఎక్స్‌ఎల్ అనే ఫోల్డరు, అందులో ఎక్స్‌టర్నల్ లింక్స్ అనే మరో ఫోల్డరు కనిపిస్తాయి. ప్రతి బయటి ఫైలుకూ అక్కడ ఒక్కో ఎక్స్‌ఎంఎల్ పత్రం (ట్యాగులతో రాసిన, చదవగలిగే పాఠం), దానికి తోడుగా అసలు దారి రాసి ఉన్న చిన్న రెల్స్ పత్రం ఉంటాయి. అసలు మర్మం ఇది: లోపల ఫార్ములాలలో బయటి ఫైలు పేరు రాసి ఉండదు, బ్రాకెట్ల మధ్య 1, 2 అని దాని వరుస సంఖ్య మాత్రమే ఉంటుంది. కాబట్టి షీట్ల ఎక్స్‌ఎంఎల్ పత్రాలను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, బ్రాకెట్లలో ఆ అంకె కోసం వెతికితే, అది సెల్‌లో ఉందా, వ్యాలిడేషన్‌లో ఉందా, ఫార్మాటింగ్‌లో ఉందా అన్నది దాని చుట్టూ ఉన్న ట్యాగులే చెప్పేస్తాయి. షీట్లలో లేకపోతే వర్క్‌బుక్ అనే పత్రంలో చూడాలి, నిర్వచించిన పేర్లన్నీ, దాచినవి సహా, అక్కడే ఉంటాయి. నెల రోజులు దొరకని డ్రాప్‌డౌన్ ఈ పద్ధతిలో పావుగంటలో దొరికింది. పత్రం పేరులోని షీటు సంఖ్య, తెర మీద ట్యాబుల వరుస ఒకటే కానక్కరలేదని మాత్రం గుర్తుంచుకోవాలి. మొదటిసారి నేను తప్పు షీటులో ఒక పూటంతా గడిపాను.

ఈ పద్ధతిని నేను చూడటానికే వాడతాను, కోయడానికి కాదు. ఎక్స్‌టర్నల్ లింక్స్ ఫోల్డరును అక్కడే తీసేస్తే, దాని ప్రస్తావన ఉన్న మిగతా పత్రాలు పొంతన తప్పి, తెరిచేటప్పుడు ఫైలులో లోపముంది, సరిచేయమంటారా అని ఎక్సెల్ అడుగుతుంది. ఒకసారి సరిచేయమన్నాను, లింకు పోయింది, దానితోపాటు ఇంకేం పోయిందో తేల్చుకోవడానికి షీట్లన్నిటినీ పాత కాపీతో పోల్చుకోవాల్సి వచ్చింది. చోటు తెలుసుకున్నాక ఎక్సెల్‌లోనే వెళ్లి తీసేయడం నిమ్మళం. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లు, తెరవడానికి పాస్‌వర్డ్ పెట్టినవి ఇలా తెరుచుకోవు. ఎక్స్‌ఎల్‌ఎస్‌బి అనే బైనరీ రూపంలోని ఫైలు తెరుచుకుంటుంది గాని లోపలి పత్రాలు చదవడానికి వీలుగా ఉండవు.

ఆ మూటలో నేను వెతకనిది కూడా ఒకటి కనిపించింది, ఈ సమీక్ష రాయడానికి సగం కారణం అదే. బయటి ఫైలు దగ్గర లేకపోయినా లెక్కలు చూపించగలగడానికి, లింకుతో చదివిన విలువలను ఎక్సెల్ ఆ ఎక్స్‌టర్నల్ లింక్ పత్రంలో దాచుకుంటుంది. మా కొటేషన్ షీటులో, పట్టికలో వెతికి విలువను తెచ్చే వీ-లుకప్ ఫార్ములా కొనుగోలు రేట్ల పట్టిక మొత్తాన్ని చూస్తుండేది. అంటే, ఒక్క స్విచ్చుకు ధర చెప్పిన కొటేషన్ ఫైలు లోపల, మేము ఏ సరుకును ఎంతకు కొన్నామో ఆ పట్టికంతా ఉంది. మేము కొనుగోలుదార్లకు పీడీఎఫ్‌లే పంపుతాం కనుక బతికిపోయాం. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద, బయటి లింకుల విలువలను భద్రపరచు అనే గుర్తును ఆ వర్క్‌బుక్‌కు తీసేస్తే ఈ నిల్వ ఆగుతుంది. లింకుల పెట్టెలో హెచ్చరికను చూపించవద్దు అనే స్టార్టప్ ప్రాంప్ట్ సౌకర్యం కూడా ఉంది. దాన్ని ఎంచుకుంటే ప్రశ్న ఆగుతుంది గాని లింకూ, దాని వెనుక నిల్వా అలాగే ఉంటాయి కాబట్టి దాన్ని నేను పరిష్కారంగా లెక్కించను.

కొత్త లింకులు పుట్టేది ఎక్కువగా షీటును మూవ్ ఆర్ కాపీతో వేరే ఫైలులోకి పంపినప్పుడు. ఈ పేరు ఇక్కడ ఇప్పటికే ఉంది, దాన్నే వాడాలా అని ఎక్సెల్ అడిగినప్పుడు మావాళ్లు చదవకుండా ఏదో ఒకటి నొక్కేవారు. ఇప్పుడు షీటును పంపడం మానేసి, కావలసిన పరిధిని విలువలుగా మాత్రమే పేస్టు చేస్తున్నాం. ఏప్రిల్‌లో కాపీ తీసే ఆనవాయితీ కూడా పోయింది. ఖాళీ మూస ఫైలు ఒకటి పెట్టుకుని, దానిలోంచే కొత్త సంవత్సరం మొదలుపెడుతున్నాం.

స్టాకు ఫైలు ఇప్పుడు ఒక్క లింకుతో నడుస్తోంది, అది రేట్ల ఫైలుకు కావాలని ఉంచుకున్నది. బాలానగర్‌లో లేబుళ్లు ముద్రించే పాత సాఫ్ట్‌వేర్ ఎక్స్‌ఎల్‌ఎస్ తప్ప తీసుకోదు కనుక ఆ ఒక్క ఫైలు మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది. దాన్ని ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేసి, లోపల చూసి, శుభ్రం చేశాక తిరిగి పాత రూపంలోకి మార్చాలి. స్టాకు లెక్కింపు రోజున గోదాముకు వెళ్లినప్పుడు ఆ పని చూస్తాను. అప్పటిదాకా డోంట్ అప్‌డేట్ ఒత్తమని స్టోర్‌కీపర్‌కు చెప్పాను.